విదేశంలో అద్దె స్కూటర్ ఎక్కే ముందు

మా పక్క క్వార్టర్ అన్నయ్య ఉద్యోగంలో చేరాక మొదటిసారి స్నేహితులతో కలిసి థాయిలాండ్ వెళ్ళాడు. వారం తరువాత టాటానగర్ స్టేషన్‌లో దిగినప్పుడు అతని కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున ఎలక్ట్రిక్ స్కూటర్ అద్దెకు తీసుకున్నాడట. మలుపులో ఇసుక ఉంది, ముందు చక్రం జారింది. అంతే.

"దెబ్బ సంగతి సరే, ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్సు వాళ్ళు ఇస్తార్లే" అని ఆంటీ అందరితోనూ చెప్పింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఇవ్వరట. నడిపిన బండికి తగిన లైసెన్సు లేదు అని ఒకే ఒక్క వాక్యం కారణంగా రాశారు.

అన్నయ్యకు లైసెన్సు లేక కాదు. మన దేశపు లైసెన్సు ఉంది, వెళ్ళేముందు ఇక్కడ డి.టి.ఓ. ఆఫీసులో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంది. రెండూ కారుకే. స్కూటర్ ఇచ్చిన దుకాణం మనిషి ఆ పుస్తకం అట్ట చూశాడు గానీ లోపలి పేజీ తిప్పలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పారు.

అప్పటికి నెల రోజుల్లో మేం దుబాయిలో ఉన్న మావయ్య ఇంటికి వెళ్ళాల్సి ఉంది. నేనైతే అక్కడ స్కూటర్ ఎక్కాలని ఏడాది నుంచీ కలలు కంటున్నాను. పిండికట్టు చూశాక నాన్న "ముందు రూల్సు చదువు, ఆ తరువాత అడుగు" అన్నారు. ఈ వ్యాసం అలా చదివినదే. మన బడిలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి ప్రయాణాలు జరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను. ఇంట్లో యాప్ తెరిచేదీ, దారి వెతికేదీ, "నాన్నా, ఇది తీసుకుందాం" అని పట్టుబట్టేదీ మనమే కదా!

మొదట ఒక మాట తేల్చుకోవాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ అనగానే మన కళ్ళముందు మెదిలేది సీటు మీద కూర్చుని నడిపే బండి. బిష్టుపూర్‌లో, సాక్చీలో సిగ్నల్ దగ్గర చప్పుడు లేకుండా వచ్చి ఆగే ఆకుపచ్చ నంబరు ప్లేటు బండి. యూరప్‌లోనూ, దుబాయిలోనూ "ఇ-స్కూటర్" అంటే చాలావరకు అది కాదు. పిల్లలు ఒక కాలితో తోసుకుంటూ పోయే బండిలాంటిది. నిలబడి నడపాలి. కింద పలక, ముందు హ్యాండిల్, రెండు చిన్న చక్రాలు, పలక లోపల బ్యాటరీ. ఒకే పేరుతో రెండు బళ్ళు. చట్టం మాత్రం ఈ రెంటినీ వేరువేరుగా చూస్తుంది. కూర్చుని నడిపేది చాలా దేశాల్లో మోటార్ సైకిల్ లెక్కలోకి వస్తుంది, దానికి మోటార్ సైకిల్ లైసెన్సు ఉండాలి. నిలబడి నడిపేదానికి ఒక్కో దేశం ఒక్కో రూలు పెట్టుకుంది. అన్నయ్య ఎక్కింది కూర్చునే బండి. స్నేహితుల్లో ఎవరో "ఇ-స్కూటర్‌కి లైసెన్సు అక్కర్లేదురా" అన్నారట. అతను విన్నది రెండో రకం బండి గురించి.

మన దేశంలోనూ ఇలాంటి తేడా ఒకటి ఉంది. మన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం బ్యాటరీ బండి మోటారు శక్తి 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే అది అసలు మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. బెంగళూరులో యాప్‌తో అద్దెకు దొరికే చిన్న యులు బళ్ళు ఈ కోవలోవే. మన కాలనీలో ట్యూషన్‌కి వెళ్ళే పిల్లల దగ్గర కూడా ఇలాంటివి కనబడుతున్నాయి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. మెకానిక్ దగ్గర వేగం పెంచే మార్పు చేయిస్తే ఆ బండికి ఈ మినహాయింపు పోతుంది. ఆ క్షణం నుంచి అది నంబరు లేని, ఇన్సూరెన్సు లేని మోటారు బండి.

ఆ హద్దు దాటిన ఏ స్కూటర్‌కైనా మన దేశంలో 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళకు 50 సీసీ లోపు బండి నడపవచ్చని చట్టంలో ఉంది గానీ అలాంటి బళ్ళు ఇప్పుడు షోరూముల్లో కనబడవు. 2019లో చట్టాన్ని సవరించాక మైనర్ బండి నడిపితే శిక్ష పెద్దవాళ్ళకు కూడా పడుతోంది. తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. నడిపిన పిల్లకో పిల్లవాడికో 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇది చదివి మా తరగతిలో ఇద్దరు నోరు వెళ్ళబెట్టారు. వాళ్ళెవరో రాయను.

అద్దె బండికి మన దేశంలో ఇంకో గుర్తు ఉంది. ఎలక్ట్రిక్ బండి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి. పసుపు అక్షరాలుంటే కిరాయికి తిరిగేది. ద్విచక్ర వాహనాలు అద్దెకు ఇవ్వాలంటే కేంద్రం 1997లో తెచ్చిన పథకం కింద దుకాణానికి లైసెన్సు ఉండాలి. పూరీలోనో, గోవాలోనో ఎవరైనా తన సొంత బండి తాళం చేతిలో పెట్టి "తిరిగి రండి, సాయంత్రం ఇవ్వండి" అంటే ఆ బండి అద్దెకు ఇవ్వదగినది కాదని ప్లేటే చెప్పేస్తుంది.

మనలాంటి బదిలీల ఇళ్ళల్లో పిల్లలకు ఈ విషయాలు కొంచెం ముందే తెలుస్తాయి. మా పాత స్కూటర్ నంబరు ఏపీ 31తో మొదలయ్యేది. విశాఖపట్నంలో కొన్నది. నాన్నకు జంషెడ్‌పూర్ బదిలీ అయ్యాక బండి రైల్లో వచ్చింది. లైసెన్సు మాత్రం నాన్న జేబులోనే వచ్చింది. ఆ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, దాన్ని మార్చుకోమని ఎవరూ అడగరు. బండి మాత్రం ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. విశాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెప్పించి, ఇక్కడ పన్ను కట్టి, చివరికి జేహెచ్ 05 నంబరు వేయించేసరికి నాన్నకు మరో బదిలీ పుకారు మొదలైంది! ఈ బాధ తప్పించడానికే 2021లో భారత్ సిరీస్ నంబర్లు వచ్చాయి. బీహెచ్ అక్షరాలున్న బండికి రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కర్లేదు. మన పార్కింగ్‌లో ఇప్పుడు అలాంటివి నాలుగైదు ఉన్నాయి.

అంటే మనిషికి ఇచ్చిన అనుమతి వేరు, బండికి ఇచ్చిన అనుమతి వేరు. రెండూ ఎక్కడిదాకా చెల్లుతాయన్నది కూడా వేరు. దేశం దాటితే ఈ సంగతే మరింత గట్టిగా ఎదురవుతుంది.

విదేశీ పోలీసుకు మన లైసెన్సు కార్డు చూపిస్తే దాని మీద ఉన్న అక్షరాలు, వర్గాల పేర్లు అతనికి అర్థం కావాలి కదా. అందుకోసం దేశాలన్నీ కలిసి ఒప్పందాలు చేసుకున్నాయి. 1949లో జెనీవాలో కుదిరిన రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం మన దేశం అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది. చిన్న పుస్తకంలా ఉంటుంది. లోపల ఫోటో, వివరాలు, ఏ రకం బండి నడపవచ్చో చెప్పే గళ్ళు ఉంటాయి. ద్విచక్ర వాహనానికి ఒక గడి, కారుకు మరో గడి. మన లైసెన్సులో ఉన్న వర్గాలకే ముద్ర పడుతుంది. అన్నయ్య పుస్తకంలో మొదటి గడి ఖాళీ. ఆ ఖాళీ గడి వల్లే అతని రెండు నెలల జీతం పోయింది.

ఈ పర్మిట్ మనకు రాదు, పెద్దవాళ్ళకే. లెర్నర్ లైసెన్సు మీద ఇవ్వరు. ఫీజు 1,000 రూపాయలు. సారథి వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. మన దేశపు లైసెన్సు, పాస్‌పోర్టు చూపాలి. ఒక ఏడాది చెల్లుతుంది. లోగా లైసెన్సు గడువు తీరితే పర్మిట్ కూడా తీరిపోయినట్టే. మనం ఉండే ఊరి ఆఫీసుకే దరఖాస్తు చేయాలి. మా ఇంట్లో చిక్కు ఇక్కడే వచ్చింది. నాన్న లైసెన్సులో ఇంకా విశాఖ చిరునామానే ఉంది. దేశంలో తిరిగినన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ముందు చిరునామా మార్పు, ఆ తరువాతే పర్మిట్. టికెట్లు కొన్న మర్నాడు గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. బ్యాగులు సర్దుకునేటప్పుడు గుర్తొస్తే సరిపోయేది కాదు. బదిలీ అయిన ప్రతి ఇంట్లోనూ ఈ కార్డు ఒకసారి బయటికి తీసి చిరునామా చూడండి. అమ్మ కార్డు కూడా. మా అమ్మ కార్డు మీద ఇంకా పెళ్ళికి ముందు శ్రీకాకుళం చిరునామానే ఉంది!

పర్మిట్ ఒక్కటే ఉంటే చాలదు. దానితో పాటు అసలు లైసెన్సు కార్డు కూడా జేబులో ఉండాలి. డిజిలాకర్‌లో ఉందిలే అని కార్డు ఇంట్లో వదిలేసి వెళ్ళకండి. ఆ సదుపాయం మన పోలీసు కోసం. ఇంకో సంగతి: ఈ పర్మిట్లు ఒకే ఒప్పందం కిందివి కావు. 1968లో వియన్నాలో కుదిరిన మరో ఒప్పందం కింద ఇచ్చేవీ ఉన్నాయి. మనం వెళ్ళే దేశం 1949 రకాన్ని ఒప్పుకుంటుందా అన్నది ఆ దేశపు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. స్కూటర్ దుకాణంలో అడిగితే ఎప్పుడూ "ఫరవాలేదు" అనే అంటారు. బండి అద్దెకు పోవడమే కదా వాళ్ళ వ్యాపారం.

ఇక దుబాయి సంగతి. మేం వెళ్ళింది డిసెంబరు సెలవుల్లో. అప్పటికి నాకు 15 ఏళ్ళ 8 నెలలు. మావయ్య కూతురు, అంటే మా వదిన, కాలేజీలో చదువుతోంది. తనకు కారు లైసెన్సు ఉంది. ఇంటి కింద వరసగా నిలబెట్టిన అద్దె స్కూటర్లు చూడగానే నాకు ఆగలేదు. అమ్మ ఫోన్‌లో యాప్ దించుకున్నాను. అది పేరు, ఫోన్ నంబరు, కార్డు వివరాలు అడిగింది. చివర ఒక చిన్న గడి, "నాకు 18 ఏళ్ళు నిండాయి" అని. టిక్ కొడితే చాలు, బండి తాళం తీసుకుంటుంది. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. ఉత్సాహంగా మావయ్యకు చూపించాను.

మావయ్య చూసి నవ్వారు. "ఏటమ్మా, ఫోను ఒప్పుకుంటే పోలీసు కూడా ఒప్పుకున్నట్టేనేటి?" అన్నారు.

దుబాయిలో 2022లో ఇ-స్కూటర్లకు నియమాలు వచ్చాయి. నడిపేవారికి 16 ఏళ్ళు నిండాలి. అక్కడి రోడ్లు, రవాణా అథారిటీ ఇచ్చే పర్మిట్ ఉండాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. వెబ్‌సైట్‌లో పాఠం చదివి, పరీక్ష పాసవ్వాలి. డ్రైవింగ్ లైసెన్సు గానీ అంతర్జాతీయ పర్మిట్ గానీ ఉన్నవారికి ఈ పరీక్ష అక్కర్లేదు. అందుకే వదినకు విడిగా పర్మిట్ లేదు, నాన్నకూ అక్కర్లేకపోయింది. అన్ని రోడ్ల మీదా తిరగనివ్వరు. మొదట అల్ రిగ్గా, జుమేరా లేక్స్ టవర్స్, పామ్ జుమేరా లాంటి పది ప్రాంతాలు గుర్తించారు. అక్కడ గీసిన దారుల్లోనే నడపాలి. సైకిల్ దారి కనబడింది కదా అని ఎక్కడపడితే అక్కడ పోకూడదు. అల్ కుద్రా, మైదాన్ సైకిల్ దారుల్లో వీటికి ప్రవేశం లేదు. హెల్మెట్ పెట్టుకోవాలి. పర్మిట్ లేకపోతే 200 దిర్హమ్‌ల జరిమానా, మన డబ్బులో నాలుగున్నర వేల పైమాటే. వెనకాల మనిషిని ఎక్కించుకుంటే 300.

ఈ చివరిది వినగానే నేను, వదిన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా రెండో పథకం అదే మరి.

మూడో ఆలోచన కూడా వచ్చింది. అమ్మ పేరు మీద ఖాతా తెరిచి, అమ్మ టిక్ కొట్టి, నేను నడిపితే? అదీ కుదరదు. ఖాతా ఎవరిదో బండి వాళ్ళే నడపాలని షరతుల్లో ఉంటుంది. దారిలో ఏదైనా జరిగితే కాగితం మీద నడిపింది అమ్మ అవుతుంది. అబద్ధం చెప్పింది కూడా అమ్మే అవుతుంది. చట్టంలో ఉన్న వయసుకూ కంపెనీ అడిగే వయసుకూ తేడా ఉండవచ్చన్నది కూడా అక్కడే తెలిసింది. చట్టం 16 అన్నా కంపెనీ 18 అంటే 18 నిండాల్సిందే. ఆ టిక్ గడిని మనం ఆటలో "ఓకే" నొక్కినట్టు నొక్కేస్తాం గానీ అది సంతకంతో సమానం.

వదిన ఒక్కతే హెల్మెట్ పెట్టుకుని మెల్లగా నడిపింది. నేను పక్కన నడుస్తూ వెళ్ళాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఆ రోజు సాయంత్రం దాకా మావయ్యతో మాట్లాడలేదు.

ఒక ఊళ్ళో నేర్చుకున్న రూలు ఇంకో ఊళ్ళో పనికిరాదు. జర్మనీలో చదువుకుంటున్న మా పెద్దమ్మ కూతురు చెప్పిన దాని ప్రకారం అక్కడ 14 ఏళ్ళకే నడపవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. అది 2019 జూన్ నుంచి అమల్లో ఉన్న నియమం. వేగం 20 కిలోమీటర్లు దాటకూడదు. ఫుట్‌పాత్ ఎక్కకూడదు. బండి వెనక చిన్న ఇన్సూరెన్సు స్టిక్కర్ తప్పనిసరి, దాని రంగు ఏటా మారుతుంది. పోలీసు దూరం నుంచి చూసే పాతదో కొత్తదో చెప్పేస్తాడన్నమాట. ఇంత చిన్న ఏర్పాటు మన దగ్గర కూడా ఉంటే బాగుంటుందనిపించింది.

బ్రిటన్‌లో పూర్తిగా వేరు. సొంతంగా కొనుక్కున్న ఇ-స్కూటర్‌ని అక్కడ రోడ్డు మీద నడపడం నేరం. 2020 జూలై నుంచి కొన్ని ఊళ్ళల్లో ప్రయోగంగా అద్దె స్కూటర్లకు మాత్రమే అనుమతి ఇచ్చారు. దుకాణంలో దర్జాగా అమ్ముతారు, కొనుక్కోవచ్చు, రోడ్డెక్కించకూడదు! అద్దె బండికి కూడా లైసెన్సు ఉండాలి. వేరే దేశం నుంచి వెళ్ళినవారికి పూర్తి లైసెన్సు ఉంటే చెల్లుతుంది, లెర్నర్ లైసెన్సు చెల్లదు. జపాన్‌లో 2023 జూలై 1 నుంచి 16 నిండితే లైసెన్సు లేకుండా నడపవచ్చు. ఫుట్‌పాత్ ఎక్కాలంటే మాత్రం వేగాన్ని 6 కిలోమీటర్లకు తగ్గించే మీట నొక్కాలి, అప్పుడు ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటుంది. సింగపూర్‌లో 2019 నవంబరు 5 నుంచి ఫుట్‌పాత్ మీద నడిపితే 2,000 డాలర్ల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు. సైకిల్ దారుల్లో నడపాలన్నా ముందు రాత పరీక్ష పాసవ్వాలి.

పారిస్ కథ ఇంకా పెద్దది. యూరప్‌లో అద్దె స్కూటర్లను మొదట్లోనే ఆహ్వానించిన నగరాల్లో అది ఒకటి. 2018లో వచ్చాయి. కొన్నాళ్ళకు ఎక్కడపడితే అక్కడ పడేసిన బళ్ళు, ఇద్దరేసి ఎక్కి ఫుట్‌పాత్‌ల మీద దూసుకుపోవడం. 2021లో సీన్ నది ఒడ్డున నడుస్తున్న ఒక యువతిని ఇద్దరు ఎక్కిన స్కూటర్ ఢీకొట్టింది, ఆమె చనిపోయింది. 2023 ఏప్రిల్ 2న నగరం ప్రజలనే ఓటు అడిగింది. ఓటు వేయడానికి వచ్చినవారు నూటికి ఎనిమిది మంది కూడా లేరు, వచ్చినవారిలో 89 శాతం వద్దన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి అద్దె స్కూటర్లు పారిస్ వీధుల్లోంచి మాయమయ్యాయి. సొంత బళ్ళు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ సంవత్సరానికి ముందు అచ్చయిన గైడు పుస్తకం పట్టుకుని వెళ్ళినవారు వీధి చివర స్కూటర్ కోసం వెతుక్కుంటూనే ఉంటారు. దుబాయిలో కూడా 2024 మార్చిలో మెట్రో రైలులోకి ఇ-స్కూటర్లు తేకూడదన్నారు. అక్టోబరులో సీటు లేకుండా మడతపెట్టగలిగే రకాలకు షరతులతో ఒప్పుకున్నారు. ఏడు నెలల్లో రెండు మార్పులు. నేను రాసిన ఈ అంకెలు కూడా మీరు వెళ్ళేనాటికి మారి ఉండవచ్చు, బయల్దేరే వారం మళ్ళీ చూసుకోండి.

"అంత చిన్న బండికి ఇన్ని రూల్సా?" అని నేనూ అనుకున్నాను. భౌతికశాస్త్రం పుస్తకం తీసి ఒక లెక్క చేశాను. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ఆ వేగంతో గోడకు కొట్టుకోవడం ఎంత ఎత్తునుంచి పడడంతో సమానం? వేగం వర్గాన్ని 2జీతో భాగిస్తే దాదాపు రెండున్నర మీటర్లు వచ్చింది. మన తరగతి గది తలుపు మీదనుంచి పడడం కన్నా ఎక్కువ. చక్రం చిన్నది కాబట్టి స్కూటర్‌కు పెద్ద చక్రాల సైకిల్ కన్నా గుంత ఎక్కువ ప్రమాదం. నిలబడి నడుపుతాం కాబట్టి బరువంతా పైన ఉంటుంది, ముందు చక్రం ఆగితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. ఇద్దరు ఎక్కితే బ్రేకు ఆపాల్సిన బరువు రెట్టింపు, పట్టుకోవడానికి ఉన్నది ఒకే హ్యాండిల్.

మీలో కొందరికి ఇంట్లో ఉన్న మడత స్కూటర్‌నే విమానంలో తీసుకుపోతే అద్దె గొడవ ఉండదు కదా అనిపించవచ్చు. కుదరదు. ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్ల దాకా మామూలుగా, 160 దాకా విమాన సంస్థ అనుమతితో ఒప్పుకుంటారు. బ్యాటరీ మీద రాసిన వోల్టులనూ ఆంపియర్-అవర్లనూ గుణిస్తే ఆ అంకె వస్తుంది. 36 వోల్టులు, 7.8 ఆంపియర్-అవర్ల చిన్న స్కూటర్ బ్యాటరీయే 280 దాటుతుంది. కాబట్టి చెక్-ఇన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇన్సూరెన్సు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అన్నయ్య ఇంట్లో రెండు నెలలు నడిచిన చర్చంతా దాని గురించే. అద్దె రుసుములో "ఇన్సూరెన్సు ఉంది" అని రాసి ఉంటే అది ఎవరికి అని అడగాలి. సాధారణంగా మనం ఎవరినైనా గుద్దితే వాళ్ళకు ఇచ్చేది అందులో ఉంటుంది. మన చెయ్యి విరిగితే వైద్యం ఖర్చు దాంట్లో ఉండకపోవచ్చు. బండికి పడిన గీతల ఖర్చు చాలాసార్లు మనదే. మన చేతి కోసం కొనేది ట్రావెల్ ఇన్సూరెన్సు. చాలా పాలసీల్లో తగిన లైసెన్సు లేకుండా నడిపినప్పుడూ, ఆ దేశపు చట్టాన్ని మీరినప్పుడూ జరిగిన దెబ్బలను మినహాయింపుల్లో పెడతారు. కొన్నిటిలో ద్విచక్ర వాహనాలనే వదిలేస్తారు. పాలసీ కాగితంలో "ఏమేం ఇస్తాం" అన్న పేజీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, "ఏమేం ఇవ్వం" అన్నది చిన్న అక్షరాల్లో. నాన్నకు చత్వారం ఉంది, అందుకని ఆ పేజీ చదివిపెట్టే పని నాది.

దుకాణంలో కూర్చునే స్కూటర్ తీసుకునేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. డిపాజిట్టుగా పాస్‌పోర్టు ఇమ్మని అడుగుతారు. ఇవ్వకూడదు. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు మనది కాదు, భారత ప్రభుత్వానిది. మన దగ్గర ఉంటుంది, అంతే. దాన్ని తాకట్టు పెట్టే హక్కు మనకు ఎక్కడిది? పైగా బండి మీద గీత పడిందని దుకాణం వాళ్ళు ఎంత అడిగితే అంత కట్టాల్సి వస్తుంది, పాస్‌పోర్టు వాళ్ళ బల్ల సొరుగులో ఉంది మరి. అన్నయ్య పిండికట్టుతో నిలబడి సరిగ్గా ఇలాగే బేరమాడాడట. పాస్‌పోర్టు కాపీ, నగదు డిపాజిట్టు ఒప్పుకునే చోటే తీసుకోవాలి. ఎక్కేముందే బండి నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి, బ్రేకు, దీపం చూసుకోవాలి. నిలబడి నడిపే యాప్ బండికైతే దిగాక కూడా ఫోటో తీయాలి. గుర్తించిన చోట నిలబెట్టకపోతే ప్రయాణం ముగిసినట్టు లెక్కలోకి రాదు, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

రోడ్డులో ఏ పక్కన నడపాలో కూడా ముందే అనుకోవాలి. థాయిలాండ్, సింగపూర్, జపాన్, బ్రిటన్‌లలో మనలాగే ఎడమవైపు. దుబాయి, జర్మనీ, ఫ్రాన్సుల్లో కుడివైపు. మెదడుకు తెలిసినా చేతులకు వెంటనే అలవాటు కాదు. నాన్న దుబాయిలో కారు ఎక్కబోయి మొదటి రోజు రెండుసార్లు డ్రైవర్ వైపు తలుపు తెరిచారు.

నాకు 16 నిండాయి. మావయ్య ఆ పరీక్ష పాఠం లింకు పంపారు, వేసవి సెలవుల్లోగా చదవమని. వదిన "ఈసారి నేను నడుస్తాను, నువ్వు నడుపు" అంది. కంపెనీ 18 అంటే మాత్రం మళ్ళీ నడకే.

అన్నయ్య చెయ్యి బాగైంది. ద్విచక్ర వాహనానికి లెర్నర్ లైసెన్సు తీసుకున్నాడు. ఆదివారం పొద్దున్న కాలనీ గ్రౌండులో సున్నంతో ఎనిమిది అంకె గీసుకుని, వాళ్ళ నాన్నగారి స్కూటర్ మీద దాని చుట్టూ తిరుగుతున్నాడు. పరీక్షలో కాలు కింద పెడితే ఫెయిల్ అట. ఆంటీ గట్టు మీద కూర్చుని లెక్కపెడుతోంది. నిన్నటికి నాలుగుసార్లు పెట్టాడు.